గోమేధికమని వచ్చిన స్ఫాలరైట్: గుర్తింపు, పునఃసాన, పొదుగు – ఒక కేస్ స్టడీ

శ్రావణమాసపు హడావుడి మొదలవడానికి కొద్ది వారాల ముందు, అరవై దాటిన ఒకామె హైదరాబాదులోని మా చిన్న రత్నపరీక్షా కేంద్రానికి ఒక ఉంగరాన్నీ, దానినుండి ఊడదీసిన ఒక రాయినీ వేర్వేరు పొట్లాలలో కట్టుకుని వచ్చారు. రాయి గుండ్రని సానతో, తేనె కలిసిన నారింజ రంగులో, 11 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంది. ఉద్యోగరీత్యా స్పెయిన్‌లో ఉన్న కుమారుడు దానిని కొని తెచ్చాడని, అతనికి రాహు మహర్దశ నడుస్తున్నందున ఆ రాయి గోమేధికమే అనుకుని ఉంగరం చేయించబోయామని, పొదిగే సమయంలో అంచున పెచ్చు లేచిందని ఆమె చెప్పారు. "బాబూ, ఇది గోమేధికమా కాదా? ఆ పెచ్చు లేచినచోట బాగవుతుందా? ఈ రెండు ముక్కలూ చెప్పండి, చాలు" అన్నారు.

మొదటి ప్రశ్నకు సమాధానం ఒక రోజులో దొరికింది. రెండవదానికి ఆరు వారాలు పట్టింది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండవ ప్రశ్న గురించే.

తొలి చూపులో నన్ను ఆపినది రంగు కాదు, రాతి లోపలినుండి వచ్చిన నిప్పు. మా గదిలోని ట్యూబులైటు కింద రాయి జిడ్డు మెరుపుతో, కాస్త మందకొడిగానే కనిపించింది. చిన్న టార్చి వెలుగు కిందికి తెచ్చి అటూ ఇటూ వంచగానే ఎరుపు, ఆకుపచ్చ తునకలు లోపలినుండి ఎగసిపడ్డాయి. గోమేధికం, అంటే హెసొనైట్ గార్నెట్, ఇలా మెరవదు. దాని వర్ణ విక్షేపణ, అంటే తెల్లని కాంతిని రంగులుగా విడదీసే గుణం, విలువ 0.027 మాత్రమే. పైగా పది రెట్ల భూతద్దంలో చూస్తే మంచి గోమేధికం లోపల బెల్లం పాకం మరుగుతున్నప్పటి సుడులు కనిపిస్తాయి. ఈ రాయి లోపల అలాంటి కదలిక ఏదీ లేదు, తేటగా ఉంది. అయితే పై ముఖాల మధ్య అంచులన్నీ వాడిన సబ్బుబిళ్ళ అంచుల్లా గుండ్రబడి ఉన్నాయి. గార్నెట్ కాఠిన్యం సుమారు 7. అంత గట్టి రాయికి ఒక్క పొదుగులో అంచులు అరగవు.

రాతిలోకి వెళ్ళే కాంతి ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద పెడితే నీడ గీత స్కేలు దాటిపోయింది. అంటే ఆ వంపు కొలత, వక్రీభవన గుణకం, 1.81 కంటే ఎక్కువ అని మాత్రమే తెలిసింది. పోలారిస్కోప్‌లో తిప్పితే అక్కడక్కడ ఒత్తిడివల్ల పడిన మసక మచ్చలు తప్ప రాయి మొత్తం చీకటిగానే ఉండిపోయింది. కనుక ఇది సమదైశిక స్ఫటికం, అంటే కాంతిని అన్ని దిశలలోనూ ఒకే తీరుగా పంపేది. దీనితో స్ఫీన్, కృత్రిమ రూటైల్, జిర్కాన్ మూడూ పక్కకు పోయాయి. ఆ మూడింటిలోనూ వెనుక ముఖాల అంచులు జంటగా కనిపించాలి, ఇక్కడ ఒంటిగానే ఉన్నాయి. తరువాత తూకం వేశాను: గాలిలో 6.12 క్యారెట్లు, నీటిలో 4.62. నీటిలో తగ్గినది 1.50 కనుక విశిష్ట గురుత్వం, అంటే నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే విలువ, 4.08. వజ్రానికి ఇది 3.52, క్యూబిక్ జిర్కోనియాకు 5.6కు పైన, స్ట్రాన్షియం టైటనేట్‌కు 5.13, హెసొనైట్‌కు 3.65 దగ్గర ఉంటుంది.

ఇక్కడే నేను దాదాపు పొరబడ్డాను, ఆ సంగతి దాచడం కేస్ స్టడీకి తగదు. నారింజ రంగు, సమదైశికత, 1.81 అంచున ఉండే వక్రీభవన గుణకం, 4.1 దగ్గర విశిష్ట గురుత్వం, ఇవన్నీ స్పెసార్టైన్ గార్నెట్‌కు అతికినట్టు సరిపోతాయి. దాని సగటు 4.15. నీటి బుడగ ఒకటి రాతికి అంటుకుని ఉంటే 4.08 రావడం పెద్ద వింత కాదు. పరీక్షా పత్రం మీద పెన్సిలుతో "స్పెసార్టైన్?" అని రాసి కూడా ఉంచాను. మనసు ఒప్పుకోనిది రెండు విషయాల దగ్గర: ఆ నిప్పు, ఆ అరిగిన అంచులు.

వెలుగును రంగుల పట్టీగా విడదీసి చూపే చేతి స్పెక్ట్రోస్కోప్‌లో బలమైన వెలుగును రాతిగుండా పంపి చూశాక సందేహం తీరింది. స్పెసార్టైన్‌లో మాంగనీసు వల్ల ఊదా, నీలి భాగాలలో పట్టీలు ఉండాలి. 410, 420, 430 నానోమీటర్ల దగ్గర చిక్కనివి, 462, 485, 495 దగ్గర పలుచనివి. ఇక్కడ వాటి జాడ లేదు. బదులుగా ఎరుపు భాగంలో 690, 667, 651 నానోమీటర్ల దగ్గర మూడు సన్నని గీతలు కనిపించాయి. రత్నశాస్త్రం చదువుకున్నవారు ఆ మూడు గీతలను ఒకసారి చూస్తే మరచిపోరు. పరావర్తన మీటరు కూడా అదే దిశను చూపింది. వక్రీభవన గుణకం 1.80 ఉన్న గార్నెట్ తన మీద నిటారుగా పడిన కాంతిలో 8 శాతం వరకు వెనక్కి పంపుతుంది, ఈ రాయి దాదాపు దానికి రెట్టింపు పంపింది. నారింజ రంగు, సమదైశికత, వజ్రానికి దగ్గరైన పరావర్తనం, 4.08 విశిష్ట గురుత్వం, ఎరుపులో మూడు గీతలు కలిసి చెప్పే పేరు ఒక్కటే. ఇది స్ఫాలరైట్, అంటే యశదం, గంధకం కలిసిన జింక్ సల్ఫైడ్.

ఆమెకు ఫోనులో చెప్పాను. "జింకా? ఇంటిమీద వేసే జింకు రేకుల జింకా?" అని అడిగారు. అదే. రాజస్థాన్‌లోని జావర్, రాంపురా అగూచా గనుల నుండి తవ్వి తీసే యశదానికి ప్రధాన ముడిఖనిజం ఇదే, విశాఖపట్నంలో ఒకప్పుడు నడిచిన జింకు కర్మాగారం కరిగించిన సరుకూ ప్రధానంగా ఇదే. గనిలో దొరికే స్ఫాలరైట్‌లో అత్యధిక భాగం ఇనుము చేరి గోధుమ నుండి నలుపు వరకు ఉంటుంది, వెలుగు దూరదు. ఇనుము చాలా తక్కువగా ఉన్నచోట మాత్రమే అది పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులలో పారదర్శకంగా పెరుగుతుంది. ఈ ఖనిజం పేరులోనే మోసం ఉంది. చూపుకు సీసపు ముడిఖనిజం గెలీనాలా ఉండి, కరిగిస్తే సీసం ఇవ్వకపోవడంతో జర్మన్ గని పనివారు దీనిని "బ్లెండ్" అన్నారు, మోసగించేది అని. 1847లో గ్లోకర్ అనే ఖనిజ శాస్త్రజ్ఞుడు అదే భావంతో "నమ్మరానిది" అనే అర్థమున్న గ్రీకు మాటను తీసుకుని స్ఫాలరైట్ అని పేరు పెట్టాడు.

రెండు రోజుల తరువాత కుమారుడు పాత చీటీ ఒకదానిని ఫోటో తీసి పంపాడు. రాయితోపాటు ఇచ్చిన ఆ చీటీమీద చేతిరాతతో "బ్లెండా ఆకారమెలాదా, ఆలివా" అని ఉంది. ఇంట్లోవారు అది దుకాణం పేరు అనుకున్నారట. బ్లెండా ఆకారమెలాదా అంటే పాకం రంగు స్ఫాలరైట్ అని స్పానిష్ మాట. ఆలివా అనేది కాంతాబ్రియా ప్రాంతంలో పీకోస్ దె యూరోపా పర్వతాలలోని గని. 1989లో మూతపడేవరకు ప్రపంచంలో సానకు పనికివచ్చే నారింజ స్ఫాలరైట్‌కు అంతటి పేరున్న చోటు మరొకటి లేదు. చీటీని నమ్మడానికి కారణం ఉంది, కాదనడానికి కారణం లేదు. అయినా పరీక్షా పత్రంలో "సహజ స్ఫాలరైట్" అని మాత్రమే రాశాను. పుట్టినచోటును చేతిరాత చీటీ ఆధారంగా ధ్రువీకరించడం నా పని కాదు.

నిప్పు ఎక్కడిది, మెత్తదనం ఎక్కడిది

రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ముందు ఈ రాతి నిర్మాణాన్ని కొంత వివరించక తప్పదు. తరువాత తీసుకున్న నిర్ణయాలన్నీ దానిమీదే నిలిచి ఉన్నాయి.

స్ఫాలరైట్ అమరిక వజ్రపు అమరికే. వజ్రంలో కార్బన్ పరమాణువులు కూర్చున్న స్థానాలలో సగం యశదానికి, సగం గంధకానికి ఇచ్చి, ప్రతి యశదం చుట్టూ నాలుగు గంధకాలు, ప్రతి గంధకం చుట్టూ నాలుగు యశదాలు ఉండేటట్లు పేర్చితే స్ఫాలరైట్ తయారవుతుంది. తేడా బంధంలో ఉంది. వజ్రంలో రెండు కార్బన్ల మధ్య దూరం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఇక్కడ యశదానికీ గంధకానికీ మధ్య దూరం 2.34. బంధం పొడవైనదీ, కొంత అయానిక స్వభావం కలిగినదీ కావడం వల్ల ఎలక్ట్రాన్ల పట్టు సడలి ఉంటుంది. ఆ సడలిన పట్టు వల్లనే మోస్ స్కేలు మీద దీని కాఠిన్యం 3.5 నుండి 4 వరకే వస్తుంది. అదే సడలిన పట్టు వల్ల ఈ పదార్థం అతినీలలోహిత కాంతిని సుమారు 344 నానోమీటర్ల దగ్గరనుండే మింగడం మొదలుపెడుతుంది. వజ్రానికి ఆ హద్దు ఎక్కడో 225 దగ్గర ఉంది. కాంతి తరంగం ఆ శోషణ హద్దుకు దగ్గరపడేకొద్దీ వక్రీభవన గుణకం నిట్టనిలువుగా పెరుగుతుంది. ఊదా రంగుకు 400 నుండి 344 ఎంతో దూరం కాదు. అందువల్ల స్ఫాలరైట్‌లో ఎరుపు కాంతికి గుణకం 2.33 దగ్గర ఉంటే ఊదాకు 2.49 వరకు వెళుతుంది. 687, 431 నానోమీటర్ల మధ్య కొలిచే ఆ తేడాయే విక్షేపణ విలువ, 0.156. వజ్రానికి అది 0.044, డెమాంటాయిడ్ గార్నెట్‌కు 0.057. వజ్రాన్ని మించిన నిప్పు కావాలంటే వజ్రపు గట్టిదనాన్ని వదులుకోవలసిందే అని సూత్రీకరించడం తొందరపాటు అవుతుంది కానీ, ఈ ఒక్క ఖనిజంలో మాత్రం రెండు గుణాలూ ఒకే బంధం నుండి పుట్టాయి.

మెత్తదనం కంటే ప్రమాదకరమైనది విదళనం, అంటే స్ఫటికం కొన్ని తలాల వెంట అద్దంలా చీలిపోయే గుణం. వజ్రం అష్టముఖి తలాల వెంట చీలుతుంది. అదే అమరిక ఉన్న స్ఫాలరైట్‌లో అష్టముఖి తలానికి ఒక పక్క మొత్తం యశదం, మరో పక్క మొత్తం గంధకం ఉండి, ఎదురెదురు విద్యుదావేశాలతో ఒకదానినొకటి లాక్కుంటాయి. అక్కడ చీలడం కష్టం. ద్వాదశముఖి తలాలలో రెండు రకాల పరమాణువులూ సమాన సంఖ్యలో ఉండటం వల్ల ఆ పొరలు తటస్థమైనవి, వాటి మధ్య పట్టు తక్కువ. అటువంటి దిశలు స్ఫటికంలో ఆరు. వజ్రంలో నాలుగు దిశలను తప్పించుకోవలసిన సానకారుడు ఇక్కడ ఆరింటిని తప్పించుకోవాలి, అదీ ఎంతో తక్కువ ఒత్తిడికే విడిపోయే ఆరింటిని.

ఎనిమిదింటిలో నాలుగు

సూక్ష్మదర్శిని కింద రాతిని తలకిందులు చేసి అడుగు ముఖాలను పరిశీలించినప్పుడు నేను ఊహించనిది ఒకటి కనిపించింది. అడుగున నడుము, అంటే రాతి చుట్టూ ఉండే వెడల్పాటి అంచు, నుండి మొన వరకు దిగే ప్రధాన ముఖాలు ఎనిమిది. వాటిలో నాలుగు అద్దంలా ఉన్నాయి, నాలుగు సన్నని గుంటలతో, మంచు పట్టిన కిటికీలా ఉన్నాయి. అవి ఒకటి విడిచి ఒకటిగా, సరిగ్గా 90 డిగ్రీల ఎడంతో వచ్చాయి. ఒక సానకారుడు ఒకే పళ్ళెం మీద, ఒకే పొడితో, ఒకే రోజున పట్టిన ముఖాలలో ఇలాంటి క్రమం చేతివాటం వల్ల రాదు.

పెచ్చు లేచినచోటును కొలిచాక లెక్క కుదిరింది. పెచ్చు కింద మెట్లుమెట్లుగా, ఒక్కొక్క మెట్టూ అద్దంలా ఉన్న విదళన తలం రాతి పైతలానికి 45 డిగ్రీల వాలుతో లోపలికి దిగుతోంది. మొదట సానపట్టిన వ్యక్తి పైతలాన్ని స్ఫటికపు ఘనముఖానికి దాదాపు సమాంతరంగా పెట్టాడు. అది తెలివైన పనే, ఎందుకంటే ఏ విదళన తలానికైనా అత్యంత దూరంగా ఉండే దిశ అదే. అతి పెద్ద ముఖమైన పైతలం హాయిగా మెరుగుపడుతుంది. కానీ అలా పెట్టినప్పుడు ఆరు విదళన తలాలలో రెండు పైతలానికి నిలువుగా, మిగతా నాలుగు నాలుగు దిక్కులకూ సరిగ్గా 45 డిగ్రీల వాలుతో నిలుస్తాయి. అడుగు ప్రధాన ముఖాల కోణం 42 డిగ్రీలు. ఆ నాలుగు దిక్కులకే తిరిగి ఉన్న నాలుగు ముఖాలు విదళన తలానికి 3 డిగ్రీల తేడాతో దాదాపు సమాంతరంగా పడ్డాయి. అటువంటి ముఖం మీద పళ్ళెం తిరిగినప్పుడు మెరుగుపొడి రాతిని అరగదీయదు, పొరలుగా పెరుకుతుంది. గుంటలు అందువల్ల వచ్చినవే.

ఉంగరంలో పొదిగినప్పుడు జరిగినదీ ఇదే కథకు కొనసాగింపు. రాయిని పట్టి ఉంచే నాలుగు ప్రాంగులను నగ చేసిన వ్యక్తి నడుము మీదికి వంచి నొక్కాడు. ఒక ప్రాంగు విదళన దిక్కునే పడింది, టిక్కుమని చప్పుడైంది. తరువాత ఉంగరానికి మెరుగు పెట్టే గుడ్డచక్రం మీద రాయి కూడా తగిలి, పై అంచులు గుండ్రబడ్డాయి. ఆయనను తప్పుపట్టలేను. గార్నెట్‌కైతే అదంతా నిత్యం చేసే పనే, ఆయన చేతికి అది గార్నెట్ అనే చెప్పి ఇచ్చారు.

కనుక పెచ్చును మాత్రం అరగదీసి వదిలితే పని పూర్తికాదు. ముఖాలు అవే దిక్కులలో ఉన్నంతవరకు మళ్ళీ మెరుగు పట్టవు, మళ్ళీ అదే తలం వెంట లేస్తాయి. మూడు మార్గాలను ఆమె ముందుంచాను: రాతిని ఉన్నదున్నట్టు పెట్టెలో భద్రపరచడం, పెచ్చును మాత్రం సరిచేయడం, లేదా పైతలాన్ని అలాగే ఉంచి మిగతా రాతినంతా కొత్త కోణాలతో, కొత్త దిక్కులతో తిరిగి సానపట్టడం. మూడవ మార్గంలో బరువు తగ్గుతుందని, పనిలో రాయి రెండు ముక్కలైతే అయిపోయినట్టేనని రాతపూర్వకంగా ఇచ్చాను. కుమారుడితో మాట్లాడి మూడవదే ఎంచుకున్నారు.

కోణాల ఎంపిక

సానపట్టేవారి దగ్గర సాధారణంగా ఉండే పట్టికలు వక్రీభవన గుణకాన్ని బట్టి మెరుపు గరిష్ఠమయ్యే కోణాన్ని ఇస్తాయి. నా అభిప్రాయంలో స్ఫాలరైట్ విషయంలో ముందు చూడవలసినది ఆ పట్టిక కాదు, విదళన తలాల పటం. గుణకం 2.37 కావడం వల్ల సందిగ్ధ కోణం 25 డిగ్రీలు మాత్రమే. అడుగు ముఖాల మీద అంతకంటే ఎక్కువ కోణంలో పడిన కాంతి ఎటూ కారిపోకుండా సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది. దీనివల్ల సానకారుడికి కోణాలలో కొంత స్వేచ్ఛ దొరుకుతుంది. ఆ స్వేచ్ఛను విదళనాన్ని తప్పించడానికి ఖర్చు చేయవచ్చు.

రెండు మార్పులు చేశాను. మొదటిది, రాతిని లెక్కప్రకారం తిప్పి నిలిపే 96 పళ్ళ సూచిక చక్రం మీద మొత్తం నమూనాను 6 పళ్ళు, అంటే 22.5 డిగ్రీలు తిప్పాను. దానితో ఎనిమిది ప్రధాన ముఖాలలో ఏదీ విదళన దిక్కుకు ఎదురుగా రాదు. రెండవది, ప్రధాన ముఖాల కోణాన్ని 42 నుండి 40కి దించాను. ఈ రెండూ కలిపితే ప్రధాన ముఖానికీ దగ్గరి విదళన తలానికీ మధ్య దూరం 3 డిగ్రీల నుండి సుమారు 16 డిగ్రీలకు పెరుగుతుంది. నడుము కింది చిన్న ముఖాలను 42 దగ్గర ఉంచినా 8 డిగ్రీల ఎడం మిగులుతుంది. అనుభవంలో 5 డిగ్రీల కంటే తక్కువైతే ఈ రాయి పళ్ళెం మీద మొండికేస్తుంది.

కోణాన్ని దించడం వల్ల మరొక లాభం కలిగింది, అది లెక్క వేసినప్పుడు తేలింది. పైతలం మీద నిటారుగా లోపలికి వెళ్ళిన కిరణం రెండు అడుగు ముఖాల మీద పరావర్తనం చెంది తిరిగి పైకి వచ్చేటప్పుడు, 42 డిగ్రీల కోణంతో అయితే నిలువుకు 12 డిగ్రీల వంపుతోను, 40 డిగ్రీల కోణంతో అయితే 20 డిగ్రీల వంపుతోను పైతలాన్ని తాకుతుంది. మొదటి సందర్భంలో బయటికి వచ్చే ఎరుపు, ఊదా కిరణాల మధ్య ఎడం సుమారు 2.1 డిగ్రీలు. రెండవ సందర్భంలో ఎరుపు 53 డిగ్రీల దగ్గర, ఊదా 58.4 దగ్గర బయటపడి, ఎడం 5.4 డిగ్రీలకు పెరుగుతుంది. అదే కోణాలతో వజ్రమైతే 1.6 డిగ్రీలు దాటదు. ఇంకా దించి 38కి వెళితే కిరణం 28 డిగ్రీల వంపుతో వచ్చి పైతలం మీదే తిరిగి లోపలికి పరావర్తనం చెందుతుంది, కనుక అక్కడ ఆగడం మంచిది. ఈ లెక్కలో ఒక మినహాయింపు ఉంది. నారింజ రంగు రాయి నీలి, ఊదా కాంతిని తానే మింగేస్తుంది కనుక ఆ 5.4 డిగ్రీల విసనకర్రలో ఎరుపు నుండి ఆకుపచ్చ వరకే కంటికి చేరుతుంది. లేత పసుపు స్ఫాలరైట్‌లు నీలి తునకలతో సహా మెరిసి, పేరున్న ముదురు రంగు రాళ్ళకంటే గొప్ప నిప్పు చూపడానికి కారణమిదే. సంగ్రాహకులు ముదురు నారింజకే ఎక్కువ ధర పెడతారు. నేనైతే లేతదానినే కోరుకుంటాను.

సాన

రాతిని పట్టుకునే కడ్డీకి లక్కతో గాని, వేడి మైనంతో గాని అతికించలేదు. దీపం వేడికి ఈ రాయి చీలే అవకాశం ఉన్నందున, చల్లగా గట్టిపడే ఎపాక్సీ వాడి ఒక రాత్రి వదిలాను. పని పూర్తయ్యాక దానిని అసిటోన్‌లో నానబెట్టి వదిలించవచ్చు. ముతక పళ్ళెం జోలికి పోకుండా 1200 నంబరు సన్నని వజ్రపు పొడితో మొదలుపెట్టి, నీటిని ధారగా వదులుతూ, పళ్ళేన్ని చాలా నెమ్మదిగా తిప్పుతూ ముఖాలను తీశాను. మెత్తని రాయి తొందరగా తెమిలిపోతుందని అనుకుంటారు. నిజానికి గంటలు పట్టేది అరగదీయడానికి కాదు, అరగదీయడం ఎక్కడ ఆపాలో ప్రతి నాలుగైదు క్షణాలకు ఒకసారి ఎత్తి చూసుకోవడానికి. 3000 పొడి తరువాత చివరి మెరుగును మైనపు పళ్ళెం మీద 0.3 మైక్రాన్ల అల్యూమినా పొడితో పెట్టాను. గట్టి లోహపు పళ్ళెం మీద ఒక్క కణం దారి తప్పినా ముఖం పొడవునా చారపడుతుంది. మైనం ఆ కణాన్ని తనలోకి ఇముడ్చుకుంటుంది. దానికి మూల్యంగా అంచులు ఒక పిసరు మెత్తబడతాయి, అది ఒప్పుకోవలసిందే.

పళ్ళెం నుండి జారిన నీరు నారింజ రంగులో లేదు, లేత పసుపు మట్టిలా ఉంది. ఈ ఖనిజపు పొడి రంగు ఎప్పుడూ రాతి రంగు కంటే ఎంతో లేతది. ఆ బురదను ఆరబెట్టి, చిటికెడు తీసుకుని, కిటికీ దగ్గర గాజు పలకమీద ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేశాను. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చింది. గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటపడిందన్నమాట. రాతిని గీయకుండా, విరవకుండా ఈ పరీక్ష చేసే అవకాశం గుర్తింపు దశలో ఉండదు. సానపట్టేటప్పుడు ఉచితంగా దొరికింది కనుక వదలలేదు. నగల పనివారు టంకం తరువాత నగను ముంచే ఆమ్లంలో ఈ రాయి ఎందుకు పడకూడదో చెప్పడానికి కూడా ఆ చుక్క వాసనే చాలు.

అయిదవ ముఖం తీసేటప్పుడు, పాత పెచ్చు మూలనుండి ఒక సన్నని చీలిక లోపలికి మరో అర మిల్లీమీటరు పాకి ఉన్నదని తెలిసింది. బయటినుండి అది కనబడలేదు. దానిని పూర్తిగా తీసివేయడానికి వ్యాసాన్ని మొత్తంగా 0.2 మిల్లీమీటర్లు తగ్గించవలసి వచ్చింది. చీలిక మొన మాత్రం నడుము దగ్గర వెంట్రుకవాసి మిగిలింది. దానిని వెంబడిస్తూ పోతే ఇంకో అర క్యారెట్టు పోయేది, అంతచేసినా అది ఆగుతుందన్న హామీ లేదు. అక్కడ ఆపి, ఆ చోటును పత్రంలో గీసి చూపాను. తుది కొలతలు: వ్యాసం 10.8 మిల్లీమీటర్లు, ఎత్తు 6.5, బరువు 5.34 క్యారెట్లు. అంతకుముందు మంచు పట్టినట్టున్న నాలుగు ముఖాల స్థానంలో వచ్చిన కొత్త ముఖాలన్నీ ఒకే తీరుగా మెరుగుపడ్డాయి.

పొదుగు

ఉంగరం వద్దని ముందే చెప్పాను. వేలిమీది రాయి రోజంతా బల్లలకు, తలుపు గొళ్ళేలకు తగులుతుంది. ఏమీ తగలకపోయినా గాలిలోని దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, దాని కాఠిన్యం 7. స్ఫాలరైట్ మీద పడిన దుమ్మును పొడిగుడ్డతో తుడవడం అంటే ఉప్పుకాగితంతో రుద్దడమే. లాకెట్టుగా, బరువు తక్కువగా, దుస్తుల పైన ఉండేలా చేయించమని సూచించాను.

పొదిగే పద్ధతి మీద నగ పనివారితో కొంత చర్చ జరిగింది. హైదరాబాదులో కుందనం పని తెలిసిన చేతులకు కొదవ లేదు. శుద్ధమైన మేలిమి బంగారు రేకును వేడి లేకుండా, చేతి పనిముట్టుతో రాతి చుట్టూ నొక్కి అతికించే ఆ పద్ధతి ఇటువంటి రాయికి చాలా అనుకూలం. ఇబ్బందల్లా వెనుక లక్క నింపడం దగ్గర. లక్క అడుగు ముఖాలకు తాకితే కాంతి అక్కడ తిరిగి రాకుండా లక్కలోకి జారిపోతుంది, ఇంతా చేసి సాధించిన నిప్పు ఆరిపోతుంది. చివరికి వెనుక తెరిచి ఉన్న బంగారు చట్రాన్ని టంకంతో సహా విడిగా పూర్తిచేసి, శుభ్రం చేసి, చల్లారాక రాయిని అందులో కూర్చి, పైన మాత్రం మేలిమి రేకును చుట్టూ నొక్కారు. మిగిలిన చీలిక ఉన్నచోట నొక్కవద్దని చట్రం మీద సిరా చుక్క పెట్టి ఇచ్చాను. పనివాడు ఆ చుక్కను గౌరవించాడు.

అప్పగించేటప్పుడు ఆవిరితో గాని, అల్ట్రాసోనిక్ యంత్రంతో గాని కడగవద్దని, చింతపండు, నిమ్మరసం తగలనివ్వవద్దని, దుమ్ము పడితే గోరువెచ్చని సబ్బునీటిలో వేలితోనే కడిగి నీళ్ళు వాటంతట అవే ఆరనివ్వమని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "మరి రాహువుకు?" అని అడిగారు. గోమేధికం కావాలంటే అది గోమేధికమే కావాలని, దీనిని ఆ పేరుతో ఎవరు అమ్మినా, ఎవరు కొన్నా పరీక్షా పత్రం ఒప్పుకోదని మాత్రమే చెప్పగలిగాను. ఆ తరువాతి వారంలో 4 క్యారెట్ల హెసొనైట్ ఒకటి పరీక్షకు తెచ్చారు. లోపల బెల్లం పాకపు సుడులు స్పష్టంగా ఉన్నాయి. పాత ఉంగరపు ప్రాంగులు దానికి సరిపోయాయి.

ఎనిమిది నెలల తరువాత లాకెట్టును మళ్ళీ చూశాను. మిగిలిన చీలిక అంగుళం కాదు కదా, నూలుపోగంతైనా పెరగలేదు. పైతలం మీద మాత్రం రెండు సన్నని గీతలు సమాంతరంగా ఉన్నాయి. అడిగితే, పూజగదిలో దీపం మసి పట్టిందని ఒకసారి పట్టుచీర చెంగుతో తుడిచానని ఒప్పుకున్నారు. వాటిని తీయాలంటే పైతలాన్ని మళ్ళీ మైనపు పళ్ళెం మీద పెట్టాలి. వద్దని అలాగే తిరిగి ఇచ్చాను.